పన్నెండు రోజులకోసారి

బస్సులో నలభై నాలుగు మంది ఉండాలి. నలభై మూడే ఉన్నారు.

నేను రెండుసార్లు లెక్కపెట్టాను, డ్రైవరు ఒకసారి. లెక్క మారలేదు. ఓడ రేవులో ఆగినప్పుడు ప్రయాణికుల్ని దింపి, ఊరు చూపించి, మళ్ళీ జాగ్రత్తగా ఎక్కించే టూర్ డెస్కులో నా ఉద్యోగం. మా ఇంట్లో కాలేజీ గుమ్మం తొక్కిన మొదటివాణ్ణి నేనే. నాన్న గ్యారేజీలో ఇంజన్ల కింద పడుకుని నన్ను చదివించాడు. కొడుకు ఓడలో పనిచేస్తున్నాడని తెలిసిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు. అందుకే పనిలో చిన్న మాట పడాలన్నా నాకు భయం. ఒక మనిషి తగ్గడం చిన్న మాట కాదు.

తగ్గింది టీచరమ్మ. ఓడలో అందరూ ఆవిణ్ణి అలాగే పిలుస్తారు. జాగ్రఫీ చెప్పి రిటైరైంది. ఇది ఆవిడకి ఇరవై తొమ్మిదో ఓడ ప్రయాణం. ఈ సీజనంతా మా ఓడలోనే ఉంటోంది.

రేవు వెనక నాలుగు వీధులు గాలించాక ఒక కళ్ళజోళ్ళ షాపులో దొరికింది. తిరిగే కుర్చీలో చెప్పులు విప్పేసి, సొంత ఇంట్లో కూర్చున్నట్టు కాఫీ తాగుతోంది. కౌంటరు వెనక ఒక అమ్మాయి వేలెడంత స్క్రూడ్రైవరుతో ఆవిడ కళ్ళజోడు కాడ బిగిస్తోంది.

నా కోపమంతా ఆ అమ్మాయి మీద చూపించాను. టూరు మనుషుల్ని ఇలా కూర్చోబెట్టుకుంటే ఎలా అన్నాను, నలభై మూడు మంది ఎండలో మాడుతున్నారన్నాను, లైట్‌హౌస్ మూసేస్తే ఎవరిది బాధ్యత అన్నాను. స్క్రూ పూర్తిగా బిగిసేదాకా ఆమె తలెత్తలేదు.

"ఈవిడ లైట్‌హౌస్‌కి వస్తానన్నారా?"

"లిస్టులో పేరుంది."

"ఏదీ, చూపించండి."

జేబులోంచి లిస్టు తీసి పేరు వెతకసాగాను. ఆమె చేతులు కట్టుకుని నన్నే చూస్తోంది.

"ఆ కాగితాన్ని చదువుతున్నారా, ముద్దు పెట్టుకుంటున్నారా?"

టీచరమ్మకి కాఫీ పొలమారింది. లోపలి గదిలోంచి ఎవరో పెద్దావిడ నవ్విన చప్పుడైంది. నేను కాగితాన్ని ముక్కు దగ్గర్నుంచి దూరంగా జరిపాను. అక్షరాలు అలుక్కుపోయాయి.

ఆమె గోడమీది అక్షరాల పట్టిక చూపించి, మూడో వరుస చదవమంది. నాకు తొందరగా ఉందన్నాను. చదవలేకపోతే అదే చెప్పండి అంది. అంత మాట అన్నాక చదవకుండా ఎలా ఉంటాను? నాలుగక్షరాల్లో మూడు తప్పు చెప్పాను.

"చూపు లేకుండానే జనానికి ఊళ్ళు చూపిస్తున్నారన్నమాట," అంది. ఆ మాటలో వెటకారం కంటే ఆశ్చర్యమే ఎక్కువ. టీచరమ్మ వెంటనే ఆమె పక్షం చేరి, ఈ అబ్బాయికి కొలతలు తీసుకోమని, తను టూరు కోసం రాలేదని, రేవు గేటు దాకా బస్సు ఉచితంగా వస్తుంది కాబట్టి ఎక్కానని ఒప్పుకుంది.

లైట్‌హౌస్ ఆ రోజు నిజంగానే మూసేశారు. నా మీద నలభై మూడు ఫిర్యాదులు పడ్డాయి.

మా ఓడ ఆ ఊరికి పన్నెండు రోజులకోసారి వస్తుంది. రెండోసారి వచ్చినప్పుడు కళ్ళజోడు తెచ్చుకోవడానికి వెళ్ళాను. ఆమె కౌంటరు మీదికి వంగి నా చెవుల వెనక కాడలు సరిచేసి, ఇప్పుడు చూడండి అంది. చూశాను. మొదట కనిపించింది ఆమె ముఖమే. ఎడమ కనుబొమ పక్కన చిన్న పుట్టుమచ్చ. పెదవి చివర రాబోతూ ఆగిన నవ్వు. ఒక మనిషి ముఖంలో ఇన్ని వివరాలుంటాయని ఇరవై ఆరేళ్ళుగా నాకెవరూ చెప్పలేదు.

"పట్టిక అటుంది," అంది ఆమె.

ఆ సాయంత్రమే మేనేజరు మా డెస్కు వాళ్ళందరినీ పిలిచి కొత్త సీజను దారి చెప్పాడు. ఓడ ఇక ఈ వైపు రాదు. ఈ ఊళ్ళో మిగిలినవి నాలుగు రేవు రోజులు. అందరూ కొత్త ఊళ్ళ పేర్లు రాసుకున్నారు. నేను నాలుగు అంకె రాసి చుట్టూ గీత గీశాను. ఈ నాలుగు రోజుల్లో ఆ అమ్మాయి మనసు తెలుసుకోవాలి, నా మనసు చెప్పాలి. నేను పరీక్షలు పాసైనది తెలివితో కాదు, పట్టుదలతో. ఇదీ అలాగే పాసవ్వాలనుకున్నాను.

మొదటి రోజుకి ప్లాను గట్టిగా వేశాను. అది ఆమెకి సగం సెలవు రోజు. నన్ను నమ్మి ఆ అమ్మాయిని పంపమని ఆమె తల్లిని అడిగాను. ఆవిడ నన్ను కాసేపు చూసి, సాయంత్రానికి దింపెయ్యమంది. మూడు గంటల్లో మ్యూజియం, లైట్‌హౌస్, నది మీద పడవ, కొండమీది తోట. ఒక్కో చోట నలభై నిమిషాలు, మధ్యలో టాక్సీ. అన్నీ సమయానికే అయ్యాయి. తోటలో పూల మధ్య ఆమెని నిలబెట్టి ఫోటో తీసి, ఇక కిందికి దిగడానికి పదిహేను నిమిషాలే ఉందన్నాను.

ఆమె మెట్టు మీద కూర్చుని చెప్పు తీసింది. మడమ బొబ్బెక్కింది.

"నేను పుట్టిన ఊరిది. నాకే గుర్తుపట్టడానికి వీల్లేకుండా చూపించారు," అంది. "నాలుగు చోట్లు తిప్పారు. ఒక్కచోటైనా మీతో మాట్లాడానా నేను?"

జవాబు చెప్పే వ్యవధి ప్లానులో లేదు.

మర్నాడు డెక్కు మీద టీచరమ్మ నన్ను పట్టుకుని సంగతంతా లాగింది. విని, తన మొదటి ప్రయాణం గురించి చెప్పింది. అప్పట్లో రేవు రోజు వస్తే గేటు తెరవకముందే వరసలో మొదట నిలబడేదట. ఒక్కో ఊళ్ళో ఆరేసి చోట్లు. ఇంటికొచ్చి ఫోటోలు చూస్తే ఏ గడియార స్తంభం ఏ ఊరిదో జాగ్రఫీ టీచరుకే తెలియలేదు. ఐదారు ప్రయాణాలయ్యాక ఆరు చోట్లు రెండయ్యాయి. పది దాటాక బస్సు మానేసి నడక మొదలుపెట్టింది. ఒక రేవులో అసలు దిగనే లేదు. అందరూ వెళ్ళిపోయాక ఖాళీ ఓడలో ఈతకొలనంతా ఒక్కతే వాడుకుంది, మహారాణిలా ఉన్నానంది. ఇప్పుడు ఆవిడ రేవులో చేసే పనులు వేరు: ఒక ఊళ్ళో జుట్టు కత్తిరించుకుంటుంది, ఒక ఊళ్ళో గొడుగు బాగుచేయించుకుంటుంది, ఇక్కడ కళ్ళజోడు స్క్రూ. ఆ స్క్రూ దానంతటది వదులు కాదని, వదులు చేసుకుని దిగుతానని కూడా చెప్పింది.

"ఇదివరకు ఊరు చూడ్డానికి దిగేదాన్ని. ఇప్పుడు కాసేపు ఊళ్ళో ఉండడానికి దిగుతాను," అంది. "నువ్వు ఆ పిల్ల దగ్గర ఇంకా మొదటి ప్రయాణంలోనే ఉన్నావు, నాయనా."

నాకు బాగా అర్థమైందనుకున్నాను. నాలుగు చోట్లు తీసేసి ఒక్క చోటు పెట్టుకున్నాను. షాపుకి ఫోన్ చేసి, ఈసారి ఎక్కడికీ తిప్పనని, రేవు మెట్ల మీద కూర్చుందామని, మూడింటికి రమ్మని బతిమాలాను. ఆమె అరగంట వస్తానంది.

ఆ ఉదయం, ప్రతి రేవులోనూ చెప్పినట్టే, మైకు ముందు నిలబడి చెప్పాను: ఊరి టైము ఓడ టైము కంటే గంట ముందు ఉంటుంది, దయచేసి మీ గడియారాలు మార్చుకోకండి, ఓడ టైమే మీ టైము. ఈ మాటలు నిద్రలో లేపినా చెప్పగలను. వాటి అర్థం మాత్రం ఎన్నడూ ఆలోచించలేదు.

సరిగ్గా మూడింటికి మెట్ల దగ్గరికెళ్ళాను. ఆమె లేదు. మూడుంపావుకి పరుగున షాపుకెళ్ళాను. ఆమె కౌంటరు అద్దం తుడుస్తోంది. తుడిచిన చోటే తుడుస్తోంది.

రాలేదేమని అడిగాను. ఆమె తలెత్తకుండా, మూడు నుంచి మూడున్నర దాకా నిలబడ్డానని, ఎవరి కోసమని పడవలవాళ్ళు రెండుసార్లు అడిగారని చెప్పింది. ఇప్పుడే కదా మూడైందని నా గడియారం చూపించాను. ఆమె గోడ గడియారం చూపించింది. నాలుగుంపావు.

నా పొరపాటేనన్నాను, ఓడ టైము అలవాటైపోయిందన్నాను.

"ఇన్నిసార్లు వచ్చారు. మా ఊళ్ళో ఎంతయిందో ఒక్కసారీ చూసుకోలేదు," అంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు తేలికగా ఉండేది. "మీకిది పన్నెండు రోజులకోసారి వచ్చే రేవు. దాన్నేం అనడానికి లేదు, మీ ఉద్యోగం అది. కానీ నేను మీ ఓడ ఆగే చోటు కాదు."

లోపల్నుంచి వాళ్ళమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. నేను వెళ్ళిపోయాను.

మిగిలినవి రెండు రేవు రోజులు. ఓడలో ఆ పన్నెండు రోజులూ నా కౌంటరుకొచ్చే పాత ప్రయాణికుల్ని గమనించాను. టూర్లు కొననివాళ్ళని ఇదివరకు పిసినారులనుకునేవాణ్ణి. వాళ్ళు తాపీగా వచ్చి, ఫలానా ఊళ్ళో కుర్చీలు నేసే ముసలాయన బాగున్నాడా, ఫలానా లైబ్రరీ ఇంకా తెరుస్తున్నారా అని అడిగేవారు. వాళ్ళ దగ్గర ప్లాను ఉండేది కాదు. వెళ్ళాల్సిన చోటు మాత్రం ఉండేది.

మూడో రేవు రోజు మరో ఇద్దరి డ్యూటీలు ముందే చేసిపెట్టి, పొద్దున్నే దిగాను. ప్లాను లేదు, ఫోన్ చేయలేదు. షాపు తెరవగానే వెళ్ళి గోడవార స్టూలు మీద కూర్చున్నాను.

"ఏం కావాలి?" అంది ఆమె.

"ఏమీ వద్దండి. ఉంటాను."

"ఎంతసేపు?"

"మీరు పొమ్మనేదాకా."

ఆమె పొమ్మనలేదు, ఉండమననూ లేదు. తన పని తను చేసుకుంది. గంట గడిచాక వాళ్ళమ్మ వచ్చి, ఊరికే కూర్చుంటే నడుం పట్టేస్తుంది బాబూ అని ఒక ట్రే నా ఒళ్ళో పెట్టింది. నిండా కళ్ళజోళ్ళ డబ్బాలు, ఏ మూత దేనిదో తెలియకుండా కలిసిపోయాయి. వాటిని జతచేశాను. తర్వాత పరీక్ష అద్దాలు ఒక్కొక్కటే గుడ్డతో తుడిచి పెట్టెలో వరసగా అమర్చాను. వాన మొదలైంది. తడవకుండా ఉండడానికి ముగ్గురు లోపలికొచ్చి, అందులో ఒకాయన ఊరికే ఉండలేక చూపు పరీక్ష చేయించుకుని, అద్దాలు కావాలని తెలిసి దిగులుగా వెళ్ళాడు. ఆయన వెళ్ళాక ఆమె మొదటిసారి నావైపు తిరిగి నవ్వింది.

"మీకంటే ఆయనే నయం. రెండో వరుస దాకా వెళ్ళాడు."

ఆ తర్వాత మాటలు వాటంతటవే వచ్చాయి. తను కంటి పరీక్షల డిప్లొమా చేసిందనీ, వాళ్ళింట్లోనూ అంత చదివింది తనే మొదటనీ చెప్పింది. అమ్మ చూపు తగ్గుతోందట, సన్నపని ఇక తనే చూసుకోవాలట. ఈ షాపు వదిలి ఎక్కడికీ రానని, అది ముందే తెలిస్తే మంచిదని కూడా చెప్పింది. ఎవరికి మంచిదో అనలేదు.

నేను గ్యారేజీ గురించి చెప్పాను. కాలేజీలో చేరిన రోజు నాన్న గోళ్ళలో గ్రీజు పోవడానికి సబ్బుతో అరగంట రుద్దుకున్న సంగతి చెప్పాను. అది నేను ఎవరికీ చెప్పలేదు.

"నేనే ఈ ఊరొచ్చి ఉంటే?" అని అడిగాను.

ఆమె చేతిలో అద్దం వెలుతురుకి ఎత్తి చూసింది.

"ఒక్క పూట కూర్చుంటే ఊరివాళ్ళయిపోరండీ. ఓడ హారన్ వినగానే మీ కాళ్ళు లేస్తాయి. ఆ హారన్ లేని రోజు వచ్చి అడగండి, చెప్తాను."

తిరిగి వెళ్తూ దారిలో నది మీద ఊరి పడవలు నడిపే ఆఫీసులో ఆగాను. రేవు క్లర్కు కావాలని అద్దాని మీద కాగితం అంటించి ఉంది. దరఖాస్తు రాసిచ్చాను. పన్నెండు రోజుల తర్వాత పదకొండింటికి ఇంటర్వ్యూకి రమ్మన్నాడు అక్కడి గుమాస్తా. ఊరి టైమే కదా అని అడిగాను. వింతగా చూశాడు.

చివరి రేవు రోజు తెల్లారేసరికి సముద్రం నల్లగా ఉంది. ఊరు కనిపిస్తూనే ఉంది: లైట్‌హౌస్, కొండ, గోదాముల కప్పులు. అలలు రేవు గోడ దాటి లేస్తున్నాయి. తొమ్మిదింటికి పైనుంచి కబురొచ్చింది, ఓడ ఆగడం లేదని. దాన్ని మైకులో చెప్పాల్సింది నేనే.

చెప్పాను. ప్రయాణికుల క్షేమం దృష్ట్యా ఈ రేవు రద్దయిందని రెండుసార్లు చదివాను. కొత్త ప్రయాణికులు డెస్కు మీద విరుచుకుపడ్డారు. ఒకాయనైతే ఈ ఊరి కోసమే టికెట్టు కొన్నానని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. పాతవాళ్ళు కిటికీలోంచి ఒకసారి చూసి మళ్ళీ పుస్తకాలు తెరిచారు. నేను కన్నీళ్ళాయన పక్షం. పైకి చెప్పలేదంతే.

వరస తగ్గగానే షాపుకి ఫోన్ చేశాను. ఆమె సొంత నంబరు అడిగే ధైర్యం అప్పటికింకా రాలేదు. మోగింది, ఎవరూ తీయలేదు. మూడుసార్లు చేశాను. పగటిపూట ఆ షాపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. నేనే అని తెలిసి తీయడం లేదనుకున్నాను. ఊరు మెల్లగా వెనక్కి జరిగి వానలో కలిసిపోయింది. ఇంటర్వ్యూ పోయింది. ఆమె కూడా పోయినట్టే అనిపించింది.

టీచరమ్మ నా పక్కకొచ్చి రెయిలింగు పట్టుకుంది. ఓదారుస్తుందనుకున్నాను. సంచిలోంచి మ్యాపు తీసి, గాలికి ఎగరకుండా ఒక కొస నాచేత పట్టించింది.

"ఓడకి ఈ ఊరికి ఒక్కటే దారి, నీళ్ళు. నీకు రైలుంది," అని గీత మీద వేలు నడిపించింది. "ఓడ బయల్దేరే రేవు నుంచి ఒక రాత్రి ప్రయాణం. ఇది కూడా తెలియకుండా ఇన్నాళ్ళూ టూర్లు ఎలా అమ్మావో."

తొమ్మిది రోజులకి ఓడ సొంత రేవు చేరింది. అక్కడితో నా కాంట్రాక్టు పూర్తి. మేనేజరు కొత్త దారిలో పై పోస్టు ఇస్తానన్నాడు. వద్దన్నాను. కారణం అడిగాడు, చెప్పాను. ఆ అమ్మాయి ఒప్పుకుందా అన్నాడు. ఇంకా లేదన్నాను. ఆయన నా ముఖం చూసి, కాగితాల మీద సంతకం పెట్టాడు.

నాన్నకి ఫోన్ చేయడమే కష్టమైంది. ఓడ దిగేశానని, ఎందుకో, ఎక్కడికో అన్నీ చెప్పాను. అవతల గ్యారేజీలో సుత్తి చప్పుడు ఆగింది.

"ఆ పిల్లకి ఇష్టమేనా?"

"అడగడానికే వెళ్తున్నాను, నాన్నా."

"అయితే వెళ్ళు. ఓడెక్కావని నేనే అందరికీ చెప్పాను. దిగావని కూడా నేనే చెప్పుకుంటాలే."

రైలు దిగాక తెలిసింది, ఆ ఊరికి రేవు కాకుండా ఇంకో వైపు కూడా ఉందని. స్టేషను, బడి, ఎత్తు పల్లాల వీధులు. దారి అడుగుతూ షాపు చేరేసరికి మధ్యాహ్నమైంది. ఆమె లేదు. వాళ్ళమ్మ ఒక్కతే ఉంది. నా చేతిలో పెట్టె చూసి, బ్యాంకు దాకా వెళ్ళింది, వచ్చేస్తుందని స్టూలు జరిపింది.

ఆ రోజు ఫోన్ తీయలేదేమని అడిగాను, ఉండబట్టలేక.

"తీయడానికి మనిషుంటేగా. నేను మా అక్క ఇంట్లో ఉన్నాను. ఇది షాపు మూసేసి రేవుకెళ్ళింది. ఓడ కనిపించకుండా పోయేదాకా వానలో నిలబడి, తడిసి ముద్దై వచ్చింది." ఆవిడ ఒక డబ్బా మూత బిగించి పక్కన పెట్టింది. "పద్దెనిమిదేళ్ళలో పగటిపూట ఈ షాపు మూయడం రెండోసారి బాబూ. మొదటిసారి దాని డిప్లొమా వచ్చిన రోజు."

అప్పుడే ఆమె వచ్చింది. నన్ను చూసింది, పెట్టె చూసింది, రేవు వైపు చూసింది. రేవులో మా ఓడ లేదు.

"దేంట్లో వచ్చారు?"

"రైల్లో."

"మళ్ళీ ఎప్పుడు వెళ్తారు?"

"మళ్ళీ ఏమీ లేదు. ఉద్యోగం వదిలేశాను. పడవల ఆఫీసులో ఇంటర్వ్యూ కూడా తప్పిపోయింది. ఇప్పుడు నా దగ్గర ఉద్యోగం లేదు, ఇల్లు లేదు. అడగాల్సిన మాట ఒకటుంది. మీరంటే నాకు ఇష్టం. పెళ్ళి చేసుకుంటారా?"

ఆమె వాళ్ళమ్మ వైపు చూసింది. ఆవిడ డబ్బాల్లో మునిగిపోయినట్టు నటిస్తూ, షాపు నేను చూసుకుంటాలే, వెళ్ళు అంది. ఎక్కడికో నాకర్థం కాలేదు. ఆమె గొడుగు తీసుకుని, పెట్టె ఇక్కడే పెట్టి నాతో రమ్మంది.

వీధిలోకొచ్చాక అలవాటు కొద్దీ వేగంగా నడిచాను. వెనక నుంచి ఆమె గొంతు వినిపించింది.

"నెమ్మదిగా నడు. ఆఫీసు ఐదింటిదాకా ఉంటుంది. ఊరు ఆ తర్వాత కూడా ఉంటుంది."

పడవల ఆఫీసులో అదే గుమాస్తా. తుఫాను రోజున ఇంటర్వ్యూకి ఎవరూ రాలేదట, పోస్టు ఇంకా ఖాళీగానే ఉందట. తలెత్తకుండానే కొత్త ఫారం తీసి నింపసాగాడు. చదువు, వయసు, పాత ఉద్యోగం అడిగాడు. చెప్పాను.

"ఊళ్ళో అడ్రసు?"

నేను తడబడ్డాను. స్టేషను దగ్గర లాడ్జి పేరు గుర్తు తెచ్చుకుంటుంటే, ఆమె కౌంటరు మీదికి వంగింది.

"ఇప్పటికి లాడ్జి అని రాసుకోండి. పెళ్ళయ్యాక మార్పించుకుంటాం."

గుమాస్తా కలం ఆగింది. కళ్ళజోడు మీదుగా ఆమెని చూశాడు, నన్ను చూశాడు.

"అడ్రసు మార్పుకి వేరే ఫారం ఉంటుందమ్మా."

"అదీ ఒకటి ఇవ్వండి," అంది ఆమె.